ఆటలమ్మ మళ్ళీ పోస్తుందా?

మా పిన్నికి కిందటి సంవత్సరం గర్భాశయ ముఖద్వారంలో క్యాన్సరు ఉన్నట్టు బయటపడింది. వ్యాధి ఉన్న దశనూ, ఆమె 72 ఏళ్ల వయసునూ చూసి వైద్యులు 25 రోజుల రేడియేషన్ ఇవ్వాలని నిర్ణయించారు. ఆమె తెనాలి నుంచి వచ్చి గుంటూరు బ్రాడీపేటలోని మా ఇంట్లో ఉండి, సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజూ ఆటోలో వెళ్లి ఆ చికిత్స తీసుకొని వచ్చేది. మా వైపు పాతతరం వారు దీన్ని రేడియేషన్ అనరు, 'కరెంటు పెట్టడం' అంటారు. రోగి ఒంటికి తగిలే కరెంటు అందులో ఏమీ ఉండదు. అయినా కంటికి కనిపించకుండా, నొప్పి తెలియకుండా లోపల పని చేసుకుపోయే శక్తికి ఆ పేరు పెట్టిన వారి ఊహను నేను ఎన్నడూ తప్పు పట్టలేకపోయాను.

మూడో వారంలో ఒక సాయంత్రం వరండాలో కూర్చొని ఉండగా ఆమె నన్ను ఒక ప్రశ్న అడిగింది. "ఒరే అబ్బాయ్, నాకు చిన్నప్పుడు ఆటలమ్మ పోసింది. ఒకసారి పోస్తే జన్మలో మళ్ళీ రాదని మా అమ్మ చెప్పేది. ఇప్పుడు ఈ కరెంటుతో రక్తంలో బలమంతా పోతోందంటున్నారుగా, మరి అది మళ్ళీ పోస్తుందా?" 31 ఏళ్లు కళాశాలలో సూక్ష్మజీవశాస్త్రం పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి గనుక, తడుముకోకుండా "రాదు పిన్నీ, భయపడకు" అనేశాను. ఆ జవాబులో సగమే నిజమని ఆ రాత్రి పడుకున్నాక తోచింది. మిగిలిన సగం ఏమిటో కొన్ని నెలల తరవాత ఆమె ఒళ్లే చూపించింది.

ముందు ఆమె రక్తపరీక్ష కాగితాల సంగతి చెప్పాలి. వారానికొకసారి కొత్తపేటలోని ల్యాబులో రక్తం ఇచ్చి, ఆ కాగితం తీసుకొని ఆసుపత్రికి వెళ్లేవాళ్లం. చికిత్స మొదలుపెట్టకముందు ఆమె రక్తంలో మైక్రోలీటరుకు మొత్తం తెల్లకణాలు 7,400 ఉండగా, వాటిలో లింఫోసైట్లు, అంటే రోగక్రిములను గుర్తుపట్టి ఎదుర్కొనే రకం తెల్లకణాలు, 31 శాతం. అయిదో వారం వచ్చేసరికి మొత్తం 5,200, లింఫోసైట్లు 9 శాతం. ఆసుపత్రిలో కాగితం చూసినవారు మొత్తం సంఖ్య మీదనే కన్ను వేసి, "తెల్లకణాలు బాగానే ఉన్నాయమ్మా" అని పంపేశారు. చికిత్స ఆపాలా వద్దా అని తేల్చుకోవడానికి వారికి కావలసింది అంతే, కాబట్టి అది తప్పని నేను అనను. కానీ శాతాలు మనిషిని మోసం చేస్తాయి. 7,400లో 31 శాతం అంటే సుమారు 2,300 లింఫోసైట్లు. 5,200లో 9 శాతం అంటే 470కి లోపు. పెద్దవారిలో ఇవి కనీసం 1,000 ఉండాలి. మొత్తం తెల్లకణాలు మూడో వంతు కూడా తగ్గని అయిదు వారాల్లో లింఫోసైట్లు అయిదింట నాలుగు వంతులు మాయమయ్యాయి. నేను విద్యార్థులకు ఏటా చెప్పిన పాఠం మా ఇంటి డైనింగ్ టేబుల్ మీద కాగితం రూపంలో పడి ఉంది.

రేడియేషన్ మోతాదును గ్రే అనే ప్రమాణంతో కొలుస్తారు. కిలో కణజాలం ఒక జౌలు శక్తిని పీల్చుకుంటే అది ఒక గ్రే. శరీరమంతటికీ ఒక్కసారిగా 4 గ్రేలు తగిలి, వైద్యం అందకపోతే, తగిలినవారిలో సుమారు సగం మంది రెండు నెలల్లోపు చనిపోతారు. అయితే ఆ 4 గ్రేల శక్తితో శరీర ఉష్ణోగ్రత ఒక డిగ్రీలో వెయ్యో వంతు మాత్రమే పెరుగుతుంది. 70 కిలోల మనిషికి ఆ పాటి వేడి చెంచాడు కన్నా తక్కువ వేడి కాఫీ తాగినా వస్తుంది. కాబట్టి ప్రాణం తీసేది వేడి కాదు, ఆ శక్తి వచ్చి పడే తీరు. ఒక్కొక్క కిరణం తన దారిలో ఉన్న అణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడబెరుకుతుంది, కణంలోని నీటిని చీల్చి హైడ్రాక్సిల్ రాడికల్ అనే అతి చురుకైన ముక్కలను పుట్టిస్తుంది. ఇవి రెండూ కలిసి డీఎన్ఏను తెంపుతాయి. ఒక గ్రే మోతాదుకు ఒక్కో కణంలో డీఎన్ఏ ఒంటి పోగు సుమారు 1,000 చోట్ల, రెండు పోగులూ కలిసి సుమారు 40 చోట్ల తెగుతాయని అంచనా. ఒంటి పోగు తెగితే ఎదురుగా ఉన్న పోగును చూసి కణం సులువుగా అతుక్కుంటుంది. రెండూ తెగితేనే చిక్కు.

చర్మకణానికీ, కండరకణానికీ, లింఫోసైటుకీ అదే మోతాదు తగిలితే డీఎన్ఏ అన్నే చోట్ల తెగుతుంది. కానీ మొదటి రెండూ బాగు చేసుకుంటూ బతుకుతాయి, లింఫోసైటు చనిపోతుంది. ఈ తేడా ఎందుకన్నది నూరేళ్లకు పైబడిన ప్రశ్న. 1903లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో హైనెకె అనే వైద్యుడు ఎలుకలకు ఎక్స్‌రేలు పెట్టి, బయటికి చర్మం మామూలుగానే ఉన్నా లోపల ప్లీహమూ లింఫు గ్రంథులూ కొన్ని గంటల్లోనే కరిగిపోవడం చూశాడు. మూడేళ్ల తరవాత ఫ్రాన్సులో బెర్గోనియే, ట్రిబోందో అనే ఇద్దరు ఒక సూత్రం చెప్పారు. వేగంగా విభజన చెందే కణాలూ, ఇంకా తన పని ఏదో తేలని లేత కణాలూ రేడియేషన్‌కు త్వరగా లొంగుతాయనేది దాని సారం. క్యాన్సరుకు రేడియేషన్ వాడటం వెనుక ఉన్న తర్కం ఇదే. పేగు లోపలి పొరకూ, జుట్టు కుదుళ్లకూ, ఎముక మూలుగకూ దెబ్బ తగలడం వెనుక ఉన్న తర్కమూ ఇదే. చిన్న లింఫోసైటు మాత్రం ఈ సూత్రానికి లొంగదు.

లీష్మన్ రంగు వేసిన రక్తపు స్లైడును సూక్ష్మదర్శినిలో చూసినవారికి ఆ కణం కళ్లకు కట్టినట్టు తెలుసు. ఇంచుమించు ఎర్రకణమంతే ఉండి, ముదురు ఊదా రంగు కేంద్రకం కణమంతా నిండిపోయి, చుట్టూ సన్నని నీలి అంచు మాత్రం కనిపిస్తుంది. అది విభజన చెందే కణం కాదు, తనకు తగిన ప్రతిజనకం, అంటే శరీరం పరాయిదిగా గుర్తించే పదార్థం, ఎదురయ్యేదాకా నెలలు, ఏళ్లు ఊరికే తిరుగుతూ ఉండే కణం. బెర్గోనియే సూత్రం ప్రకారం అది రేడియేషన్‌ను తట్టుకోవాలి. అయినా అర గ్రే తగిలినా వాటిలో చాలా చనిపోతాయి, అదీ విభజన కోసం ఆగకుండా కొన్ని గంటల్లోనే. దీనికి కారణం వాటి బలహీనత కాదు, వాటి పెంపకం. డీఎన్ఏ తెగిందని ఏటీఎం అనే ఎంజైము కబురు చేస్తే, పీ53 అనే ప్రోటీను ఆ కణాన్ని బాగు చేయించాలా, చంపాలా అని తేలుస్తుంది. చర్మకణంలో మొగ్గు మరమ్మతు వైపు ఉంటుంది. లింఫోసైటులో అది ఆత్మహత్య వైపు ఉంటుంది. పీ53 లేకుండా పుట్టించిన ఎలుకల్లో, ఛాతీలో లింఫోసైట్లు పెరిగే థైమస్ గ్రంథి కణాలు రేడియేషన్‌ను నిబ్బరంగా తట్టుకున్నాయని 1993లో తేలాక ఈ సంగతి స్థిరపడింది. శరీరం లెక్క ఒక విధంగా సబబే. లక్షల కోట్ల సంఖ్యలో ఉండి, వేగంగా విస్తరించగల కణజాతిలో డీఎన్ఏ చెదిరిన ఒక్క కణం బతికి బట్టకడితే అది లుకేమియాగానో (రక్త క్యాన్సరు), సొంత శరీరం మీదే తిరగబడే కణంగానో మారవచ్చు. అనుమానం వస్తే చంపెయ్యడమే అక్కడి చట్టం.

ఈ త్వరితమైన మరణమే రేడియేషన్ ప్రమాదాల్లో వైద్యుల చేతి కొలబద్ద అయింది. 1986లో చెర్నోబిల్ ప్రమాదం తరవాత తీవ్ర రేడియేషన్ జబ్బు ఖాయమైన 134 మందిని వర్గీకరించడంలో, ఎవరికి ఎంత మోతాదు తగిలిందో చెప్పే పరికరాలు చేతిలో లేకపోగా, మొదటి రెండు మూడు రోజుల్లో ఎవరి లింఫోసైట్లు ఎంత వేగంగా పడిపోయాయన్నది ఒక ముఖ్య ఆధారం. వారిలో 28 మంది ఆ సంవత్సరమే మరణించారు. 2010లో ఢిల్లీలోని మాయాపురి పాత ఇనుము బజారులో కోబాల్ట్-60 ఉన్న పాత పరికరాన్ని విప్పి ఒక కార్మికుడు చనిపోయినప్పుడు కూడా, మిగతావారి పరిస్థితిని రక్తకణాల ద్వారానే కనిపెట్టారు. న్యూట్రోఫిల్స్ అనే మరో రకం తెల్లకణాలు అలా చెప్పలేవు. అవి ఎముక మూలుగలో తయారై వచ్చే సరుకు కనుక, కర్మాగారం మూతపడినా గిడ్డంగిలో ఉన్నది అయిపోయేదాకా సంఖ్య నిలబడి, వారాల తరవాత అడుగంటుతుంది. ఎర్రకణాల ఆయువు 120 రోజులు కాబట్టి వాటి లోటు ఇంకా ఆలస్యంగా తెలుస్తుంది. ఆసుపత్రి వారు చూసి సంతోషించిన మా పిన్ని తెల్లకణాల్లో ఎక్కువ భాగం ఈ న్యూట్రోఫిల్సే.

ఇక్కడ ఒక సందేహం రావాలి. ఒళ్లంతటికీ 4 గ్రేలు తగిలితే సగం మంది చనిపోతుంటే, మా పిన్నికి రోజుకు 2 గ్రేల చొప్పున మొత్తం 50 గ్రేలు ఎలా ఇచ్చారు? ఆ 50 గ్రేలు పొత్తికడుపు కింది భాగానికి మాత్రమే. మిగతా శరీరంలోని ఎముక మూలుగ పని చేస్తూనే ఉంటుంది. 1949లో అమెరికాలో జాకబ్‌సన్ అనే వైద్యుడు ఎలుకల ప్లీహాన్ని సీసపు రేకుతో కప్పి ఉంచి, చంపగల మోతాదు ఇచ్చినా అవి బతికాయని చూపించిన ప్రయోగంలో దీని కీలకం ఉంది. కొంచెం విత్తనం మిగిలినా పంట తిరిగి లేస్తుంది. మరి పొత్తికడుపుకు కిరణాలు పెడితే రక్తంలో లింఫోసైట్లు ఎందుకు అంతగా తగ్గాలి? రక్తం ఒకచోట నిలిచేది కాదు. యంత్రం పని చేసే కొద్ది నిమిషాల్లో ఆ దారిన వెళ్లిన రక్తానికి కొంత మోతాదు తగులుతుంది, మర్నాడు వేరే రక్తానికి, ఆ మర్నాడు ఇంకొంతకి. 25 రోజులు గడిచేసరికి ఆ కిరణాల కింద నుంచి పోని లింఫోసైటు అరుదు. దానికి తోడు కటి ఎముకల్లో పెద్దవారి మూలుగలో గణనీయమైన భాగం ఉంటుంది, పొత్తికడుపులో లింఫు గ్రంథుల గుత్తులు ఉంటాయి. రేవులో కూర్చొని వచ్చే ప్రతి పడవనూ తనిఖీ చేస్తే నది మొత్తాన్ని గాలించినట్టే అవుతుంది కదా.

ఇప్పుడు పిన్ని ప్రశ్నలోని అసలు విషయానికి వస్తాను. లింఫోసైట్లు పోతే, వాటి వల్ల తయారైన యాంటీబాడీలు, అంటే ప్రతిదేహాలు కూడా పోతాయా?

పోవు. ఎందుకు పోవన్నది ఈ శాస్త్రంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం. 1908లో వియన్నాలో బెంజమిన్, స్లూకా అనే ఇద్దరు కుందేళ్లకు ముందు ఎక్స్‌రేలు పెట్టి, తరవాత పరాయి ప్రోటీను ఎక్కిస్తే వాటిలో ప్రతిదేహాలు సరిగా తయారు కావడం లేదని గమనించారు. 1915లో షికాగోలో హెక్టోయెన్ అదే విషయాన్ని ఇంకా వివరంగా చూపాడు. కానీ లోతైన ప్రశ్న వేసినవారు 1952లో అదే నగరంలో పని చేసిన తాలియాఫెరో దంపతులు. వారు కుందేళ్లకు గొర్రె ఎర్రకణాలను ఎక్కించి, వాటి మీద పుట్టే ప్రతిదేహాలను కొలిచారు. మోతాదు మార్చకుండా సమయాన్ని మార్చుతూ పోయారు. గొర్రె కణాలు ఎక్కించడానికి ఒకటి రెండు రోజుల ముందు రేడియేషన్ ఇస్తే ప్రతిదేహాల తయారీ దాదాపు కుప్పకూలింది. ఎక్కించిన కొన్ని రోజుల తరవాత, ప్రతిదేహాలు తయారవుతూ ఉండగా అదే మోతాదు ఇస్తే పెద్ద తేడా ఏమీ రాలేదు. మందు ఒకటే, మోతాదు ఒకటే, జంతువు ఒకటే. ముందు వెనకలే మొత్తం ఫలితాన్ని తారుమారు చేశాయి.

దీని అర్థం స్పష్టం. ప్రతిదేహాల తయారీ ఒక్క పని కాదు, రెండు దశల పని. మొదటి దశలో కొత్త ప్రతిజనకాన్ని గుర్తించిన ఒకటి రెండు బీ లింఫోసైట్లు (ప్రతిదేహాల తయారీకి మూలమైన రకం), టీ లింఫోసైట్ల (వాటికి తోడ్పడే మరో రకం) సాయంతో, రోజుకు రెండు మూడుసార్లు విభజన చెందుతూ వేల సంతతిగా పెరుగుతాయి. నేర్చుకునే దశ అంటే ఇదే. గజ్జల్లో, చంకల్లో 'బిళ్లలు కట్టాయి' అని మనం చెప్పుకునేది కూడా లింఫు గ్రంథుల్లో జరిగే ఈ హడావిడినే. రెండో దశలో వాటిలో కొన్ని ప్లాస్మా కణాలుగా మారతాయి. ప్రతిదేహాలను చేసేది ఈ కణాలేనని 1948లో స్టాక్‌హోంలో ఆస్ట్రిడ్ ఫాగ్రేయుస్ అనే మహిళ చూపింది. ప్లాస్మా కణం ఇక విభజన చెందదు. దాని పని సెకనుకు వేల చొప్పున ప్రతిదేహాలను విసరడం మాత్రమే. ఎముక మూలుగలో తనకంటూ ఒక మూల చూసుకొని ఏళ్ల తరబడి అదే పని చేస్తుంది. చిన్న లింఫోసైటును చంపే మోతాదుకు అది చలించదు. ఒకే వంశంలో పుట్టి, తల్లి అర గ్రేకు చనిపోతుంటే కూతురు దానికి ఎన్నో రెట్లు తట్టుకుంటుంది.

ఈ మొండితనానికి ఆసుపత్రుల్లో కనిపించే రుజువు ఒకటుంది. లుకేమియా రోగికి మూలుగ మార్పిడి చేసేటప్పుడు కొందరికి శరీరమంతటికీ బలమైన రేడియేషన్ ఇచ్చి సొంత రక్తకణ వ్యవస్థను తుడిచేస్తారు. రోగిది ఓ గ్రూపు, దాతది ఏ గ్రూపు అయిన సందర్భాల్లో, రోగి పాత ప్లాస్మా కణాలు వారాలు, ఒక్కోసారి నెలల తరబడి ఏ గ్రూపు మీద ప్రతిదేహాలను విడుదల చేస్తూ, కొత్త మూలుగ నుంచి వచ్చే ఎర్రకణాలను అడ్డుకుంటాయి. యజమాని ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయినా పాత కాపలాదారు గేటు దగ్గర కర్ర పట్టుకొని నిలబడ్డట్టు ఉంటుంది వ్యవహారం. కాలక్రమంలో ఆ కాపలాదారులూ రాలిపోతారు. అందుకే మూలుగ మార్పిడి చేయించుకున్నవారికి చిన్నపిల్లలకు వేసినట్టు టీకాలన్నీ మొదటి నుంచి మళ్ళీ వేస్తారు.

మొదటి దశలో టీ లింఫోసైట్ల పాత్ర ఎంతటిదో తెలిసింది కూడా రేడియేషన్ ద్వారానే కావడం ఒక విచిత్రం. 1966లో క్లామన్, ఆయన సహచరులు ఎలుకలకు రేడియేషన్ ఇచ్చి, వాటి లింఫోసైట్లను ఖాళీ చేసి, కొన్నిటికి టీ కణాలు పెరిగే థైమస్ నుంచి తీసిన కణాలు, కొన్నిటికి బీ కణాలు పుట్టే మూలుగ కణాలు, మరి కొన్నిటికి రెండూ ఎక్కించారు. విడివిడిగా ఇచ్చినప్పుడు పెద్దగా పుట్టని ప్రతిదేహాలు, రెండూ కలిపినప్పుడు పుష్కలంగా పుట్టాయి. టీ, బీ కణాలు ఒకదానికొకటి తోడు నడుస్తాయన్న అవగాహనకు అది ఒక పునాది. నష్టం చేసే శక్తినే చీపురుగా వాడి ఇల్లు ఊడ్చి, ఏ సామాను ఎక్కడ అవసరమో తెలుసుకున్నారన్నమాట.

ఇక తరగతిలో విద్యార్థులను ఎప్పుడూ నిశ్శబ్దం చేసిన విషయం ఒకటి చెబుతాను. రేడియేషన్ చేసే నష్టమంతా డీఎన్ఏ రెండు పోగులూ తెగడమే కదా. ప్రతిదేహాల వైవిధ్యం కోసం మన శరీరం తనంతట తానే చేసే పని కూడా అచ్చంగా అదే. మూలుగలో బీ కణం పుట్టేటప్పుడు ర్యాగ్ అనే ప్రోటీన్లు ప్రతిదేహపు జన్యువును కావాలని రెండు పోగులూ తెగేలా కోసి, ముక్కలను కొత్త వరసలో అతికిస్తాయి. కోట్ల రకాల ప్రతిదేహాలు కొద్దిపాటి జన్యువుల నుంచి వచ్చేది ఈ కోతా అతుకుల వల్లే. ఈ మర్మాన్ని విప్పినందుకు సుసుము తొనెగావాకు 1987లో నోబెల్ బహుమతి వచ్చింది. అతికే పనివారు ఎవరంటే, రేడియేషన్ తెంపిన డీఎన్ఏను అతికే ఎంజైములే. 1983లో కనుగొన్న స్కిడ్ అనే ఎలుక జాతికి టీ, బీ కణాలు రెండూ ఉండవు. అదే జాతి రేడియేషన్‌కు కూడా అతిగా లొంగుతుందని తరవాత తెలిసింది. కారణం ఒక్కటే, అతికే ఎంజైములో లోపం. మనుషుల్లోనూ ఏటీఎం జన్యువు లోపించిన పిల్లలకు ప్రతిదేహాలు తక్కువగా ఉండటం, రేడియేషన్ అసలు పడకపోవడం కలిసి కనిపిస్తాయి. కత్తితో ఆడుకుంటూ బతుకు సంపాదించుకునే కణం కత్తిని చూసి అందరికన్నా ఎక్కువగా భయపడటంలో ఆశ్చర్యం లేదు.

మా వీధిలో వారికి వచ్చిన అనుమానాలను కూడా ప్రస్తావించాలి. పిన్ని దగ్గరికి చిన్నపిల్లలను పంపకూడదని, ఆమె ఒంటి నుంచి రేడియేషన్ వస్తుందని పక్కింటివారు నమ్మారు. బయటి యంత్రం నుంచి ఇచ్చే కిరణాలు యంత్రం ఆగగానే ఆగిపోతాయి. దీపం ఆర్పిన గదిలో వెలుతురు మిగలనట్టే ఒంట్లో ఏమీ మిగలదు. నేను వారికి మన మిర్చిని ఉదాహరణగా చెప్పాను. కారప్పొడిలో సూక్ష్మజీవులను చంపడానికి గామా కిరణాలు వాడే పద్ధతి ఉంది, ఆ మోతాదు వేల గ్రేలలో ఉంటుంది, అయినా ఆ కారం రేడియోధార్మికం కాదు. మనిషి లింఫోసైటు అర గ్రేకు చనిపోతుంటే బాక్టీరియాకు వేల గ్రేలు కావాలన్న తేడా ఆ ఉదాహరణలో నాకు ఎక్కువ రుచించిన భాగం, కానీ వారికి అది పట్టలేదు. రక్తనిధి కేంద్రాల్లోనూ ఇదే తేడాను వాడుకుంటారు. రోగనిరోధక శక్తి బాగా తగ్గిన రోగికి ఎక్కించే రక్తానికి ముందుగా 25 గ్రేల రేడియేషన్ ఇస్తారు. ఎర్రకణాలకు కేంద్రకమే లేదు గనుక అవి తమ పని చేసుకుపోతాయి. దాత లింఫోసైట్లు మాత్రం విభజన చెందలేక, రోగి శరీరం మీద దాడి చేయలేక చల్లబడతాయి.

2021లో రెండో కరోనా ఉధృతిలో గుంటూరులో, విజయవాడలో వారానికొక ఛాతీ సీటీ తీయించుకున్నవారు నాకు తెలుసు. టీకా వేయించుకున్నాక సీటీ తీయిస్తే ప్రతిదేహాలు పోతాయా అని అప్పట్లో కొందరు ఫోను చేసి అడిగారు. ఛాతీ సీటీ మోతాదు సుమారు 7 మిల్లీసీవర్టులు, అంటే గ్రేలో వెయ్యింట ఏడు వంతులు. లింఫోసైట్ల సంఖ్య కంటికి కనిపించేలా తగ్గడానికి దీనికి ఎన్నో పదుల రెట్లు ఎక్కువ కావాలి. అవసరం లేని సీటీ వద్దనడానికి వేరే కారణాలు ఉన్నాయి, ప్రతిదేహాలు వాటిలో లేవు. పెద్ద మోతాదు సంగతి వేరు. హిరోషిమా, నాగసాకిల్లో బతికి బయటపడ్డవారిని దశాబ్దాలు పరిశీలించినప్పుడు, ఎక్కువ మోతాదు తగిలినవారిలో సహాయక టీ లింఫోసైట్ల వాటా కొంత తగ్గి ఉండటం, శరీరంలో వాపుకు గుర్తులైన ప్రోటీన్లు కొంత పెరిగి ఉండటం కనిపించాయి. వయసుతో అందరికీ వచ్చే మార్పే వారికి కొంచెం ముందుగా వచ్చినట్టుంది.

మళ్ళీ పిన్ని దగ్గరికి వస్తాను. తాలియాఫెరో దంపతుల ప్రయోగాన్ని ఇంటి భాషలోకి మార్చితే, టీకా ముందు వేయించుకొని కరెంటు తరవాత పెట్టించుకోవాలి. ఫ్లూ, న్యుమోనియా వంటి నిర్జీవ టీకాలను చికిత్సకు కనీసం రెండు వారాల ముందు వేయించుకుంటే శరీరానికి నేర్చుకునే వ్యవధి దొరుకుతుంది. చికిత్స మధ్యలో వేసినా హాని లేదు గాని ఫలితం తక్కువ. బతికున్న సూక్ష్మజీవులతో చేసిన టీకాలను ఆ రోజుల్లో దగ్గరికి రానివ్వకూడదు. పిన్నికి జబ్బు తేలిన నాటికీ, మొదటి కిరణం తగిలిన నాటికీ మధ్య 19 రోజులు గడిచాయి. స్కానింగులకూ, యంత్రం దగ్గర వరసకూ, డబ్బు సర్దుబాటుకూ ఆ రోజులు సరిపోయాయి. టీకా మాట ఆసుపత్రిలో ఎవరూ ఎత్తలేదు. వారిని అనేముందు నన్ను నేను అనుకోవాలి, ఎందుకంటే ఆ ప్రయోగాన్ని 31 సార్లు నల్లబల్ల మీద గీత గీసి చూపించినవాణ్ణి నేను.

ఆటలమ్మ విషయంలో నేను చెప్పని సగం ఇది. ఆమె రక్తంలో ఆటలమ్మ వైరస్ మీద చిన్ననాటి ప్రతిదేహాలు ఉన్నాయి, ఉంటాయి. వాటిని చేసే ప్లాస్మా కణాలకు కరెంటు పెద్ద లెక్క కాదు. కాబట్టి బయటి నుంచి ఆ వైరస్ వచ్చి మళ్ళీ ఒళ్లంతా పోసే అవకాశం చాలా తక్కువ. కానీ ఆ వైరస్ ఆరు దశాబ్దాలుగా ఆమె ఒంట్లోనే ఉంది. ఆటలమ్మ తగ్గినప్పుడు అది చచ్చిపోదు, వెన్నెముక పక్కన ఉండే నాడీకణాల్లో దాక్కుంటుంది. కణం లోపలికి ప్రతిదేహం చేరలేదు. అక్కడ దాన్ని నోరు మూయించి ఉంచేది టీ లింఫోసైట్ల గస్తీ. 2,300 మంది గస్తీవారు 470కి తగ్గితే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

చికిత్స ముగిసిన మూడో నెలలో ఆమె తెనాలి నుంచి ఫోను చేసి, ఎడమవైపు పక్కటెముకల దగ్గర మంటగా ఉందని, నీటిపొక్కులు లేచాయని చెప్పింది. పొక్కులు వీపు మధ్య నుంచి ముందుకు ఒకే పట్టీలా, ఒకే వైపు ఉన్నాయా అని అడిగాను. ఉన్నాయంది. సర్పి. పక్కింటావిడ ఎర్రమన్ను పూయిద్దామని అప్పటికే అంటోందట. మర్నాడు ఉదయం మొదటి బస్సుకు వెళ్లి ఆమెను చర్మవైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాను. పొక్కులు లేచి మూడు రోజులు దాటలేదు గనుక మాత్రలు బాగా పని చేశాయి, నొప్పి మాత్రం నెలన్నర ఉంది.

"రాదన్నావుగా" అంది, మందుల చీటీ సంచిలో పెట్టుకుంటూ.

"ఆటలమ్మ రాలేదు పిన్నీ, లోపల దాక్కున్నది బయటికొచ్చింది" అన్నాను.

"రెండూ ఒకటే కాదుట్రా?" అంది. వైరస్ దృష్టిలో ఒకటే. అదే చెప్పాను.

నిన్న ఆమె కొత్త రక్తపరీక్ష కాగితం వచ్చింది. మొత్తం 6,100, లింఫోసైట్లు 19 శాతం. లెక్కిస్తే 1,160 దాకా వచ్చాయి. వానలు మొదలయ్యేలోపు ఫ్లూ టీకా వేయించడానికి ఆమెను వచ్చే గురువారం గుంటూరు రమ్మన్నాను.